ఆరాధన క్రమం మారుస్తున్నారటగా? సంఘస్తులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఉత్తర చెన్నైలో ఒక సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) తెలుగు సంఘం. ఆదివారం ఆరాధనను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పరిశీలించి, ఏం ఉంచాలో ఏం మార్చాలో చెప్పమని గుడి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ అయిదుగురికి పని అప్పజెప్పింది. వాళ్లలో నేనొకదాన్ని. మేం ఇంకా కుర్చీలు వేసుకుని కూర్చోకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. గుడి మెట్ల మీద, పెళ్లి భోజనాల దగ్గర, ఒకసారి పెరంబూర్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కబోతుంటే కూడా అడిగారు. ఆ ప్రశ్నల్నే ఇక్కడ రాశాను. జవాబులు అయిదుగురివీ. మధ్యమధ్య నా సొంత మాట కూడా దూరింది. దానికి తిట్లుంటే నాకే పంపండి, అయ్యగారికి (మా పాస్టరుకి) కాదు.

అసలు ఏం మారుస్తున్నారు?

శాశ్వతంగా ఇంకా ఏమీ మార్చలేదు. నెలలో ఒక ఆదివారం, సంస్కారపు ఆరాధనలో (ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) మాత్రం, ముఖ్యంగా నాలుగు పనులు చేసి చూస్తున్నాం. విజ్ఞాపన ప్రార్థనలు, అంటే ఇతరుల కోసం చేసేవి, సంఘస్తులే చేస్తారు. సమాధానం, అంటే శాంతి పలకరింపు, చేతి నుంచి చేతికి అందుతుంది. రొట్టెనూ ద్రాక్షరసాన్నీ ఒక కుటుంబం ఇంటి నుంచి తెచ్చి బల్ల దగ్గర అప్పగిస్తుంది. పాటల్లో కనీసం రెండు కీర్తనలు తబలా, తాళాలతో ఉంటాయి. అంతే. గోడలు పడగొడుతున్నారనీ, బల్ల తీసేసి స్టేజీ కడుతున్నారనీ విన్నవాళ్లు ఒకసారి వచ్చి చూడండి.

తాతల నాటి క్రమాన్ని మార్చడానికి మీరెవరు?

అందరికంటే ఎక్కువమంది అడిగింది ఇదే. కోపంగా అడిగింది కూడా ఇదే. అందుకని దీనికి జవాబు కాస్త పొడుగ్గా చెబుతాను.

మనం తాతల నాటిది అంటున్న ఈ సంస్కారపు క్రమం మన తాతలకు కొత్తది. 1947 సెప్టెంబర్ 27న ఇదే ఊళ్లో, కెథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం మొదలైంది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు అందులో కలిశారు. బిషప్పులున్న సంఘమూ లేని సంఘమూ ఇలా కలవడం యూరప్‌లో ప్రొటెస్టెంట్లు కత్తోలికుల నుంచి విడిపోయిన సంస్కరణోద్యమం తరవాత అదే మొదటిసారి. పేరు ఒకటైంది కానీ ఆరాధనలు ఎవరివి వాళ్లవే. ఒకరు పుస్తకం చూసి చదివేవాళ్లు, ఇంకొకరు కళ్లు మూసుకుని సొంత మాటలతో ప్రార్థించేవాళ్లు. అందరూ కలిసి బల్ల దగ్గర నిలబడాలంటే ఒక క్రమం కావాలి గదా. దాన్ని తయారుచేసిన కమిటీకి కన్వీనర్ లెస్లీ బ్రౌన్. ఆయన కేరళలో పనిచేసిన మనిషి, అక్కడి సిరియన్ క్రైస్తవుల ఆరాధన బాగా తెలిసినవాడు. 1950లో ఆ క్రమం బయటికి వచ్చింది.

అందులో ఏమేం కొత్తవో చూడండి. పెద్దయ్యగారు జనానికి వీపు పెట్టకుండా బల్ల వెనకాల నిలబడి జనం వైపు తిరగడం. కత్తోలిక సంఘాల్లో ఆ మార్పు మామూలైంది 1960ల్లో, రెండో వాటికన్ మహాసభ తరవాతే. పాత నిబంధన పాఠాన్ని కూడా చేర్చి మూడు బైబిలు పాఠాలు చదవడం. రొట్టెనూ రసాన్నీ జనమే ముందుకు తేవడం. సమాధానాన్ని చేతుల్తో ఇచ్చుకోవడం. అయ్యగారి ప్రార్థన మధ్యలో జనం గొంతెత్తి జవాబివ్వడం. చివరి రెండూ సిరియన్ ఆరాధన నుంచి వచ్చాయి. తరవాత వేరే దేశాల సంఘాలు తమ క్రమాలు తిరగరాసుకునేటప్పుడు ఈ క్రమాన్ని తెప్పించుకుని చదివాయి. మన మద్రాసు క్రమాన్ని!

కొన్ని క్రమాలు కలిపి 1963లో పుస్తకంగా వేశారు. తరవాత సరిచూసిన పుస్తకం కూడా వచ్చింది. అంటే మనకు ముందువాళ్లు ఊరుకోలేదు, మార్చుకుంటూనే వచ్చారు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. వాళ్లు జనం చేతికి ఇచ్చిన పనుల్ని మనం ఒక్కొక్కటే వెనక్కి తీసేసుకున్నాం. రొట్టె ముందే బల్ల మీద ఉంటుంది, పైన గుడ్డ కప్పి. సమాధానం అంటే పక్కవాళ్ల వైపు తల ఊపడం. విజ్ఞాపన అంతా అయ్యగారిదే. మేం మారుస్తున్నామంటున్న వాటిలో సగం మన పుస్తకంలో ఉన్నవే.

చేతులు కలపడం ఎందుకు? వందనాలు చెప్పుకుంటే చాలదా?

ఇక్కడ చెప్పింది షేక్‌హ్యాండ్ కాదు. ఇచ్చేవాళ్ల కుడి అరచెయ్యి తీసుకునేవాళ్ల కుడి అరచేతికి ఆనుతుంది, ఇద్దరి ఎడమ చేతులూ పైన మూసుకుంటాయి. బల్ల దగ్గర నుంచి బయల్దేరి వరస వెంట వరసకు చివరి బెంచీదాకా వెళ్తుంది. మీ ఇష్టమొచ్చినవాళ్లకి కాదు, పక్కన ఎవరుంటే వాళ్లకి ఇవ్వాలి. ఇందులో ఉన్న ఇబ్బందీ అదే, అందమూ అదే. మొదటి నెల మా సంఘంలో స్థలం తగాదాతో ఆరేళ్లుగా మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములు ఒకే బెంచీ మీద చిక్కుకున్నారు. చేతులు కలిపారు. తగాదా తీరిందా అంటే తీరలేదు, కేసు ఇంకా నడుస్తోంది. కానీ ఆ రోజు ఇద్దరూ పారిపోలేదు.

ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఇబ్బంది అనుకుంటే చేతులు జోడించి తల వంచండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లలంతా పెద్ద పెద్ద స్తుతి ఆరాధనల వైపు పోతున్నారు. గిటార్, డ్రమ్స్ పెడితే ఆగుతారా?

ఆగరు. వాళ్లను ఆపడానికైతే అసలు ఏమీ మార్చొద్దు. వాళ్లకంటే బాగా మనం ఆ పని చెయ్యలేం, చేసినా అద్దె వస్తువులా కనిపిస్తుంది.

ఓఎంఆర్ వైపు ఐటీ కంపెనీల్లో పనిచేసే మన కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడాం. సంగీతం సంగతి ఒకరిద్దరే ఎత్తారు. ఎక్కువమంది చెప్పింది, "ఇక్కడ నాకు చేసే పనేం లేదు అక్కా" అని. ఈ మాట నన్ను వదల్లేదు. ఒక ఆదివారం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, క్వయిర్‌లో కాకుండా వెనక బెంచీలో కూర్చున్నాను. సంఘం నోరు తెరిచిన సమయం ఎంత, అయ్యగారు, క్వయిర్, ప్రకటనలు చదివే సెక్రటరీ గారు కలిసి మాట్లాడిన సమయం ఎంత అని. అంకె చెప్పి ఎవర్నీ చిన్నబుచ్చను. కానీ ప్రకటనలకు పట్టిన టైమ్ మేం అందరం కలిసి ప్రార్థించిన టైమ్ కంటే ఎక్కువ.

తరవాత ఒక శనివారం సాయంత్రం ఆ పెద్ద స్తుతి ఆరాధనలకీ వెళ్లాను. లైట్లు, పొగ, స్టేజీ మీద ఏడుగురు. పాట మొదలయ్యాక నా పక్కనున్న అమ్మాయి పాడుతోందో లేదో నాకు వినపడలేదు. నా గొంతు నాకే వినపడలేదు. అక్కడా జనం చూస్తున్నారు, ఇక్కడా చూస్తున్నారు. మన దగ్గర పొగ లేదు, అంతే తేడా. అందుకే మా కమిటీ పాతదా కొత్తదా అని అడగడం మానేసింది. ఈ పని ఎవరి చేతుల్లో ఉంది అని మాత్రం అడుగుతోంది.

కీర్తనలు పాతవాళ్లకి గదా, మాకెందుకు?

ఒక చిత్రం చెబుతాను. మా సంఘంలో 'సంప్రదాయం' అంటే ఆర్గన్ మీద ఇంగ్లీషు రాగాలకు కూర్చిన తెలుగు మాటలు. 'కొత్త' అంటే కీబోర్డు మీద వేరే ఇంగ్లీషు రాగాలు. ఈ రెండింటికీ మధ్యలో అసలు సొమ్ము పోయింది. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి గారు రాగం తాళం కట్టి క్రైస్తవ కీర్తనలు రాశారు. తమిళంలో తంజావూరు వేదనాయక శాస్త్రియార్ అదే పని చేశారు. మన పక్క తమిళ సంఘాలు శాస్త్రియార్ కీర్తనల్ని ఇప్పటికీ వదల్లేదు. మనం మన పాటల పుస్తకంలో కీర్తన పైన ముద్రించిన రాగం పేరు కూడా చూడటం మానేశాం.

ఇంకో లాభం ఉంది. పల్లవి సంఘానిది, చరణం ఒకరిది. పుస్తకం లేకపోయినా, చదువు రాకపోయినా పల్లవి రెండోసారికే నోటికొస్తుంది. నాలుగు గొంతుల హార్మనీకి తర్ఫీదు కావాలి, పల్లవికి అక్కర్లేదు. నేను క్వయిర్‌లో ఆల్టో పాడేదాన్నే, హార్మనీ అంటే నాకు ప్రాణం. అయినా ఒప్పుకోవాల్సిందే.

డప్పు వాయిస్తారంట, నిజమేనా?

ఒకసారి వాయించాం. నవంబర్ రెండో ఆదివారం. దళిత విమోచన ఆదివారంగా దేశంలోని సంఘాలు 2007 నుంచి పాటిస్తున్న రోజది. ముందుగా అభ్యంతరం చెప్పింది ఎవరో తెలుసా? ఎవరి తాతలు డప్పు వాయించారో ఆ ఇళ్లవాళ్లే. "చావుకు కొట్టించి, ఎంగిలి మెతుకులు పెట్టి పంపేవాళ్లు. దాన్ని వదిలించుకోవడానికే గదా మావాళ్లు ఈ గుళ్లోకి వచ్చింది" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. మధురై సెమినరీలో పాఠాలు చెప్పిన జేమ్స్ థియోఫిలస్ అప్పావు గారు పల్లె పాటలతో, పరై (తమిళుల డప్పు) దరువుతో ఆరాధన క్రమమే కట్టారు. అవమానం డప్పులో లేదు, దాన్ని అవమానించినవాళ్లలో ఉంది అనే వైపు ఆయన. నేను ఆయన వైపే. కానీ ఈ విషయంలో నా ఓటుకు విలువ తక్కువ, మా ఇంట్లో ఎవరూ డప్పు పట్టలేదు. ఆ ఇళ్లవాళ్లు ఒప్పుకుంటేనే మళ్లీ వాయిస్తాం.

అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగడం శుభ్రమేనా? చిన్న కప్పులే మేలు గదా?

కరోనా తరవాత చిన్న కప్పులు వచ్చాయని చాలామంది అనుకుంటున్నారు. ఆ కప్పులు 1890ల్లో అమెరికాలో పుట్టాయి. జబ్బులు క్రిముల వల్ల వస్తాయని జనానికి తెలిసిన కొత్త రోజులవి. భయం సహజం. మన దగ్గర కరోనా ఆ భయాన్ని మళ్లీ తెచ్చింది, దాన్ని ఎగతాళి చెయ్యను. మా ఇంట్లోనూ మనిషి పోయారు.

కానీ ఈ ఊళ్లో గిన్నెకు ఇంకో చరిత్ర ఉంది. 19వ శతాబ్దం మొదట్లో వేపేరిలోనూ తంజావూరులోనూ కులాన్ని బట్టి గుళ్లో వేర్వేరుగా కూర్చునేవాళ్లు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఇది ఇంక కుదరదని గట్టిగా ఉత్తరం రాస్తే చాలామంది గుడి మానేసి వెళ్లిపోయారు. దాదాపు రెండు వందల ఏళ్లయింది. మన సంఘంలో చూడండి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పారిశుధ్య పనికి వచ్చిన కుటుంబాల మనవలు ఉన్నారు. రైల్వే ఉద్యోగాలకు వచ్చినవాళ్లున్నారు. నిన్నగాక మొన్న గుంటూరు నుంచి లాప్‌టాప్‌తో దిగినవాళ్లున్నారు. కప్పులు రాకముందు కూడా బల్ల దగ్గరకు ఎవరి తరవాత ఎవరు లేస్తారో గమనించినవాళ్లకి తెలుసు. కొంతమంది ఎప్పుడూ మొదటే లేచేవాళ్లు. అది శుభ్రత గురించి అని ఎవరూ అనలేదు.

అందుకని ఇలా అనుకున్నాం. గిన్నె ఒకటే బల్ల మీద ఉంటుంది. కావాలన్నవాళ్లు రొట్టెను అందులో ముంచుకోవచ్చు, వద్దన్నవాళ్లకు స్టీలు కప్పులు. ప్లాస్టిక్ కప్పులు మానేశాం. లేచే వరస మాత్రం వెనక బెంచీల నుంచి మొదలు. ఈ ఒక్క మార్పుకు వచ్చినన్ని ఫోన్లు ఇంక దేనికీ రాలేదు.

రసమా, వైనా?

రసమే. నల్ల ద్రాక్ష ఉడకబెట్టి వడకట్టింది. పులియని ద్రాక్షరసం నిలవ ఉండేలా చేసిన వెల్చ్ అనే డాక్టరు మెథడిస్టు, ఏడాది 1869, చేసింది తన గుడి సంస్కారం కోసమే. మన సంఘంలో మెథడిస్టుల వాటా కూడా ఉంది, కాబట్టి గొడవ లేదు.

ఇంటి రొట్టె విషయంలో మాత్రం మొదటిసారి నవ్వులపాలయ్యాం. ఒక పిన్నిగారు ముందురోజు రాత్రే చేసి పెట్టారు. అయ్యగారు విరవబోతే విరగలేదు. రెండోసారి గట్టిగా లాగితే సగం ఆయన అంగీ మీద రాలింది. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామునే, కాస్త నూనె వేసి కలిపి చెయ్యమంటున్నాం.

నెలకొకసారి సంస్కారం చాలదా? ఎక్కువసార్లు తీసుకుంటే భయభక్తులు తగ్గవా?

ఈ భయం వెనక మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం ఉంది. అయోగ్యంగా తింటే అపరాధి అవుతాడన్న మాట చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పి చెప్పి నన్ను వణికించింది. కోపం వచ్చిన వారం ఆమె బల్లలో చెయ్యి వేసేది కాదు, అంటే సంస్కారం తీసుకునేది కాదు. కానీ ఆ అధ్యాయాన్ని పైనుంచి చదవండి. ఆ పత్రిక రాసిన పౌలు కోప్పడింది, ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేసి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టినందుకు. మనసులో చెడ్డ ఆలోచన వచ్చినందుకు కాదు. వెనక బెంచీ నుంచి మొదలుపెట్టమన్నది కూడా అందుకే.

ఇక నెలకొకసారి అనేది వాక్యం చెప్పింది కాదు. సంస్కరణోద్యమ నాయకుడు కాల్విన్ ప్రతివారం కావాలన్నాడు, జెనీవా పెద్దలు ఏడాదికి నాలుగుసార్లకు ఒప్పుకున్నారు. మన పల్లెల్లో కారణం ఇంకా మామూలుది. ఒక అయ్యగారికి బోలెడు ఊళ్లు, ఊళ్లో ఉండే ఉపదేశి (అయ్యగారు కాని బోధకుడు) సంస్కారం ఇవ్వకూడదు, కాబట్టి అయ్యగారి బండి వచ్చినప్పుడే బల్ల. బండి ఎప్పుడో పోయింది, అలవాటు మిగిలింది. ప్రస్తుతం నెలకు రెండుసార్లు చేద్దామా అని అడుగుతున్నాం. తొందర లేదు.

మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు ఆరాధన పెట్టొచ్చుగా?

ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు రాస్తారు. గుడికొస్తే చేతిలో పెట్టేది 'కలుగును గాక', 'ఆలకించుము' అన్న తెలుగు పుస్తకం. లిపీ రాదు, ఆ పుస్తకం భాషా రాదు. పాపం, నోరు కదుపుతారు.

రెండు పనులు చేస్తున్నాం. పాపపు ఒప్పుకోలు, సంస్కారపు ప్రార్థన మామూలు తెలుగులో రాసి అయ్యగారికి చూపించాం. ఆయన రెండు చోట్ల దిద్ది ఒప్పుకున్నారు. ప్రభువు ప్రార్థనను మాత్రం ముట్టుకోలేదు. అది అందరికీ కంఠతా వచ్చు, తెలుగు చదవడం రానివాళ్లకి కూడా. నోటికొచ్చిన దానికి లిపి అక్కర్లేదని అప్పుడే తట్టింది. అందుకే ఆరాధనలో సంఘం చెప్పే జవాబులు చిన్నవి చేసి, ప్రతిసారీ అవే ఉంచుతున్నాం. తెరమీద తమిళ లిపిలో తెలుగు మాటలు వెయ్యమని ఒక కోడలు పిల్ల అడిగింది. ఆమె తిరునెల్వేలి అమ్మాయి. వేశాం. కొంతమంది పెద్దలకు నచ్చలేదు. ఆ అమ్మాయి మాత్రం ఇప్పుడు మా అందరికంటే గట్టిగా పాడుతుంది.

ప్రార్థనలు మామూలు మనుషులు చేస్తే గందరగోళం కాదా?

అవుతుంది. ఒకాయన పన్నెండు నిమిషాలు ప్రార్థించారు. ఇప్పుడు ముగ్గురు, ఒక్కొక్కరు అయిదు వాక్యాలు, ముందే కాగితం మీద రాసుకుని రావాలి. కార్పొరేషన్‌లో పనిచేసే ఒకావిడ వాన నీళ్లలో మ్యాన్‌హోల్ దగ్గర నిలబడేవాళ్ల కోసం ప్రార్థించింది. అలాంటి ప్రార్థన ఎన్నేళ్లు చదివినా పుస్తకంలో దొరకదు.

ఆడవాళ్లు బల్ల దగ్గర నిలబడొచ్చా?

2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన తెలుగు మనిషి. ఈ ప్రశ్న ఇంక అడగొద్దు.

హారతి, దీపం, నేలమీద కూర్చోవడం... ఇవి హిందూ పద్ధతులు కావా?

చాప మీద కూర్చోవడం ఏ మతానిదో నాకు తెలీదు. మా ఊరి గుళ్లో అందరూ అలాగే కూర్చునేవాళ్లు, బెంచీలు వచ్చింది తరవాత. తమిళనాడులో పుట్టి తెలుగు నేలకు వచ్చి డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు కట్టించిన కెథీడ్రల్‌ను చూసినవాళ్లకి తెలుసు, అందులో గుడి పోలికా ఉంది, మసీదు పోలికా ఉంది. 1939లో ప్రతిష్ఠించారు. 1969లో కత్తోలికులు హారతి, నేలమీద కూర్చోవడం లాంటి వాటికి అనుమతి తెచ్చుకున్నారు.

అయినా మా కమిటీ హారతి జోలికి వెళ్లలేదు. ఆ పళ్లెం ముందు తమ తాతలను నిలబడనివ్వని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మన సంఘంలో ఉన్నారు. వాళ్లకు ఆ పళ్లెం 'భారతీయత'లా కనిపించదు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గర విప్పమంటున్నాం. మోకాళ్ల నొప్పులవాళ్లకు కుర్చీలుంటాయి.

కానుకల సంచి బదులు క్యూఆర్ కోడ్ ఎందుకు?

బదులు కాదు, రెండూ ఉంటాయి. మా అమ్మమ్మ ప్రకాశం జిల్లాలో ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి గుడి కుండలో వేసేది. ఫోన్‌లో పంపితే ఆ చెయ్యి ఏమైపోయింది? అందుకని ఫోన్‌లో పంపినవాళ్లకు కూడా ఒక ఖాళీ కవరు ఇస్తున్నాం, లేచి వచ్చి పళ్లెంలో వెయ్యడానికి. కొంతమందికి నవ్వొచ్చింది. నాకూ మొదట్లో వచ్చింది.

ఆన్‌లైన్ ఆరాధన ఆపేస్తారా?

ఆపం. మంచం మీద ఉన్నవాళ్లు పదకొండు మంది చూస్తున్నారు. కానీ సంస్కారం ఫోన్‌లో ఇవ్వడం లేదు. ఆరాధన అయిన రోజు సాయంత్రమే అదే రొట్టె ఇద్దరు సంఘస్తులు, అయ్యగారు కలిసి వాళ్ల ఇళ్లకు తీసుకెళ్తారు. బండి ఉన్నవాళ్లు పేరివ్వండి.

ప్రసంగం తగ్గిస్తారా?

అయ్యగారినే అడగండి. మేం అడిగాం. నవ్వారు.

నాకు ఇవేవీ నచ్చలేదు. నేనేం చెయ్యాలి?

1947లో కలిసినప్పుడు పెద్దలు ఒక మాట ఇచ్చుకున్నారు. మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతిని ఏ సంఘం మీదా రుద్దకూడదని. మనకూ అదే. అందుకే మిగతా ఆదివారాలు ఎప్పటిలాగే జరుగుతాయి, ఆర్గన్‌తో సహా. కొత్త క్రమం ఉన్న ఆదివారం కూడా ఉదయం 7 గంటల ఆరాధన పాతదే, 9:30 గంటలది మాత్రమే కొత్తది.

నచ్చనివాళ్లు కాగితం మీద రాసి వెనక బల్ల మీదున్న డబ్బాలో వెయ్యండి. పేరు రాయకపోయినా చదువుతాం. పోయిన నెల వచ్చినవాటిలో ఏడు పాటల గురించి, నాలుగు గిన్నె గురించి. ఒకటి మాత్రం ఫ్యాన్ల గురించి, ఎడమ వైపు మూడోది తిరగడం లేదట. ఎలక్ట్రీషియన్‌కు చెప్పాం.